కుక్క సాక్సు మింగేసింది: కక్కించాలా, ఆగి చూడాలా?

అడిగింది క్లుప్తంగా ఇదీ: రెండేళ్ల ల్యాబ్రడార్, 28 కిలోలు. గంట క్రితం సాక్సు మింగేసింది. తోక ఊపుతూ హుషారుగానే తిరుగుతోంది, తిండి కూడా అడుగుతోంది. ఉప్పునీళ్లు పట్టి కక్కించాలా, లేక మలంలో పడిపోతుందని రెండ్రోజులు ఆగాలా?

రెండూ వద్దండి. ఇదంతా చదివే ముందే వెటర్నరీ డాక్టర్‌కి ఫోన్ చేయండి. "గంట క్రితం సాక్సు మింగింది, కక్కించే ఇంజెక్షన్ ఉందా, ఎండోస్కోపీ ఉందా" అని అడగండి. ఉందంటే వెంటనే బయల్దేరండి, లేదంటే ఎక్కడుందో వాళ్లనే అడగండి. దారిలో బిస్కెట్లు, పాలు, ఏమీ పెట్టొద్దు. మత్తు ఇవ్వాల్సి వస్తే పొట్టలో తిండి ఉండటం ఇబ్బంది. కక్కించే ముందు కాస్త తిండి అవసరమనిపిస్తే డాక్టరే అక్కడ పెడతారు.

ఇంత తొందర ఎందుకంటే, మెత్తటి గుడ్డ పొట్టలో ఉన్నంతసేపే తేలిగ్గా బయటికొస్తుంది. మామూలుగా కక్కించడానికి మంచి సమయం మింగిన మొదటి రెండు గంటలు. గుడ్డ, రబ్బరు లాంటివి పొట్టలో ఇంకా ఎక్కువసేపే తిష్ఠ వేస్తాయి కాబట్టి నాలుగైదు గంటలైనా డాక్టర్లు ప్రయత్నిస్తారు. కానీ ఒకసారి పేగులోకి జారితే వాంతితో రాదు. అక్కడి నుంచి ఎదురుచూపులో ఉండాలి, లేదా ఆపరేషన్‌కి వెళ్లాలి. ఆస్పత్రిలో వాడేది సాధారణంగా అపోమార్ఫిన్. ఇంజెక్షన్ ఇచ్చిన కొద్ది నిమిషాల్లోనే కుక్క పెదాలు నాక్కుంటుంది, చొంగ కారుతుంది, తర్వాత కక్కేస్తుంది. కొన్నిచోట్ల రోపినిరోల్ అనే కంటి చుక్కలు వాడతారు, పని అదే.

బయల్దేరే ముందు ఒక్క నిమిషం వెచ్చించాల్సిన పని ఒకటుంది. ఆ సాక్సు జతలో రెండోది ఎక్కడుందో చూడండి. దొరికితే వెంట తీసుకెళ్లండి. మందం, పొడుగు, ఎలాస్టిక్ పట్టీ ఎంత గట్టిగా ఉందో చేత్తో పట్టుకుని చూస్తే డాక్టర్‌కి అంచనా సులువు. దొరకకపోతే రెండూ మింగిందనే అనుకుని చెప్పండి. ఒకటి కక్కగానే అందరూ ఊపిరి పీల్చుకుని ఇంటికి తెచ్చేయడం, నాలుగో రోజు రెండోది పేగులో ఇరుక్కోవడం, ఇది అరుదేమీ కాదు. సాక్సు కాక ఇంకేదైనా మింగి ఉంటే దాని పెట్టె, కవరు, మిగిలిన ముక్కలు పట్టుకెళ్లండి. మాత్రల షీటు నమిలితే ఎన్ని ఖాళీ అయ్యాయో లెక్క, ఎన్ని మిల్లీగ్రాములో కూడా కావాలి.

"హుషారుగానే ఉంది" అన్నమాట మీద ఆధారపడకండి. పొట్ట పెద్ద సంచి లాంటిది. సాక్సు అందులో ఉన్నంతసేపు చాలాసార్లు కుక్కకి ఏ బాధా తెలియదు. పొట్ట నుంచి చిన్నపేగులోకి వెళ్లే ఇరుకు ద్వారం దగ్గరో, ఆ తర్వాత పేగులోనో పట్టేసినప్పుడే గొడవ మొదలవుతుంది. అది కొన్ని గంటలకు కావచ్చు, కొన్ని రోజులకు కావచ్చు. బంతి, రబ్బరు బొమ్మ ముక్క లాంటివి వారాల తరబడి పొట్టలోనే దొర్లుతూ, అప్పుడప్పుడూ ఆ ద్వారానికి అడ్డుపడుతూ ఉంటాయి. అప్పుడు కుక్క వారానికోసారి కక్కుతుంది, మళ్లీ మామూలుగా ఉంటుంది. "ఎప్పుడూ కక్కే కుక్కే" అని వదిలేసిన కేసుల్లో చివరికి బయటపడేది ఇదే.

ఇక ఉప్పునీళ్ల సంగతి. పాత సలహాల్లో అన్నిటికంటే ప్రమాదకరమైనది ఇదే. కక్కుతుందన్న హామీ లేదు. కక్కకపోతే ఆ ఉప్పంతా రక్తంలోకి వెళ్లి సోడియం పెరిగిపోతుంది, మెదడు మీద ప్రభావం చూపి తూలడం, ఫిట్స్ వస్తాయి. ప్రాణం పోయిన సందర్భాలూ ఉన్నాయి. మింగిన సాక్సు చేయని హాని ఇలా మనమే చేసినవాళ్లమవుతాం. ఆవపొడి, సబ్బునీళ్లు, గొంతులో వేలు పెట్టడం, ఇవన్నీ అదే కోవ. నూనె పట్టడం మరీ వద్దు. సాఫీగా జారిపోతుందన్నది అపోహ. ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది.

హైడ్రోజన్ పెరాక్సైడ్ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఎవరో ఒకరు మీకు ఈపాటికే చెప్పి ఉంటారు. ఇది పనిచేస్తుంది, నిజమే. కానీ పొట్ట గోడను కోసినట్టు పుళ్లు చేస్తుంది, రక్తం వచ్చేదాకా వెళ్లొచ్చు. ఆస్పత్రి గంటల దూరంలో ఉండి, డాక్టర్ ఫోన్లో కుక్క బరువు, మింగిన వస్తువు, ఇప్పటి పరిస్థితి విని "సరే, ఇవ్వండి" అంటే తప్ప దీని జోలికి పోవద్దు. ఇస్తే 3 శాతం ద్రావణం మాత్రమే. కిలోకు 1 నుంచి 2 మిల్లీలీటర్లు, కుక్క ఎంత పెద్దదైనా మొత్తం 45 మిల్లీలీటర్లు దాటకూడదు. 28 కిలోల కుక్కకి 28 మిల్లీలీటర్లతో మొదలు. జుట్టుకి రంగు వేసేటప్పుడు వాడే 6, 9, 12 శాతం ద్రావణాలు నోరూ గొంతూ కాల్చేస్తాయి. సిరంజితో బుగ్గ పక్క నుంచి కొంచెం కొంచెంగా పట్టాలి, తల వెనక్కి వంచి పోయకూడదు. ఒకసారి సరిపోకపోతే రెండోసారి ఇవ్వాలా వద్దా అన్నదీ డాక్టర్ మాటే. పిల్లులకు ఇది అసలు వాడకూడదు.

అసలు కక్కించకూడని సందర్భాలు ఉన్నాయి, వాటిని మాత్రం గుర్తుపెట్టుకోండి. సూది, గాజు, మేకు, చీల్చిన ఎముక లాంటి పదునైనవి, వెళ్లేటప్పుడు గుచ్చుకోకపోయినా వచ్చేటప్పుడు గుచ్చుకోవచ్చు. యాసిడ్, డ్రైనేజీ క్లీనర్, బ్యాటరీ లాంటి కాల్చే గుణమున్నవి గొంతును రెండోసారి కాలుస్తాయి. కిరోసిన్, పెట్రోలు, టర్పెంటైన్ ఊపిరితిత్తుల్లోకి జారతాయి. మత్తుగా ఉన్నది, తూలుతున్నది, ఫిట్స్ వస్తున్నది, ఇప్పటికే కక్కుతున్నది, వీటికీ వద్దు. పగ్, బుల్‌డాగ్ లాంటి నొక్కుడు ముక్కు జాతుల్లో శ్వాసనాళంలోకి పోయే ప్రమాదం ఎక్కువ కాబట్టి డాక్టర్ కూడా ఆలోచించి చేస్తారు.

ఈ ప్రశ్న చదివేవాళ్లందరి కుక్కలూ సాక్సే మింగి ఉండవు కాబట్టి, వస్తువును బట్టి కొన్ని మాటలు.

బటన్ బ్యాటరీ అన్నిటికంటే తొందరపెట్టేది. అన్నవాహికలో ఇరుక్కుంటే బ్యాటరీ రెండు కొసల మధ్య కరెంటు పారి, తడిలో క్షారం తయారై గోడను కాల్చడం 15 నుంచి 30 నిమిషాల్లోనే మొదలవుతుంది. బ్యాటరీ పాతదైపోయినా, రిమోట్ పనిచేయకపోయినా అందులో కాల్చడానికి సరిపడా కరెంటు ఉంటుంది. మామూలు పెన్సిల్ బ్యాటరీని కొరికి పగలగొడితే నోటిని గోరువెచ్చని నీళ్లతో 15 నుంచి 20 నిమిషాలు కడుగుతూ డాక్టర్‌కి ఫోన్ చేయండి. నీళ్లు గొంతులోకి కాదు, పక్క నుంచి బయటికి పోయేలా కడగాలి. నోట్లో పుండ్లు కొన్ని గంటల తర్వాతే కనిపిస్తాయి, కాబట్టి "నోరు బాగానే ఉంది" అని ఆగొద్దు.

అయస్కాంతం ఒక్కటైతే చాలావరకు బయటికి పోతుంది. రెండైతే, లేదా ఒక అయస్కాంతంతోపాటు ఇంకో ఇనుప ముక్క మింగితే కథ వేరు. ఒకటి ఒక పేగు మడతలో, రెండోది పక్క మడతలో ఉండి మధ్యలోని గోడల్ని నొక్కి పట్టుకుంటాయి. అక్కడ రక్తం ఆడక గోడ కుళ్లి చిల్లు పడుతుంది. ఎక్స్-రేలో ఇవి కలిసిపోయి ఒకే ముక్కలా కనిపిస్తాయి, అందుకే ఎన్ని పోయాయో ఇంట్లో లెక్క చూసి చెప్పడం ముఖ్యం.

దారం, టేపు క్యాసెట్ రిబ్బన్, పట్టీ, నైలాన్ తాడు, పొడుగ్గా ఉన్న గుడ్డ పీలిక. వీటిని నేను సాక్సు కంటే ఎక్కువ భయపడే వస్తువులుగా చెబుతాను. ఒక కొస పొట్ట ద్వారం దగ్గర పట్టేస్తుంది (పిల్లుల్లో అయితే నాలుక కింద), మిగతాది పేగులో ముందుకు సాగుతుంది. పేగు తనను తాను దారం మీదికి లాక్కుని, లంగా బొందు బిగించినప్పుడు నడుము దగ్గర గుడ్డ కుచ్చిళ్లు పడ్డట్టు ముడతలు పడిపోతుంది. అలా ఉన్న దారం లోపలి అంచును రంపంలా కోస్తుంది. మలద్వారం నుంచి దారం వేలాడుతుంటే లాగకండి. లోపలెంత ఉందో తెలియదు. లాగకుండా, నేల మీద పాకకుండా ఉండేంత పొట్టిగా కత్తిరించి, డాక్టర్ దగ్గరికి వెళ్లండి. గాలం మింగి దారం నోట్లోంచి వేలాడుతుంటే మాత్రం కత్తిరించొద్దు. గాలం ఎక్కడుందో వెతకడానికి డాక్టర్‌కి ఆ దారమే దారి చూపిస్తుంది. దాన్ని కుక్క మెడపట్టీకి కట్టి ఉంచండి, మింగేయకుండా.

నాణేలు, నట్లు, జిప్పులు, తాళాల్లో జింకు ఉండే అవకాశం ఉంది. ఇవి పేగుకు అడ్డుపడవు కదా అని వదిలేస్తే, పొట్టలోని ఆమ్లంలో జింకు కరిగి రక్తంలోకి చేరి ఎర్ర కణాల్ని పగలగొడుతుంది. చిగుళ్లు పాలిపోవడం లేదా పసుపురంగులోకి మారడం, మూత్రం ముదురు ఎరుపు రంగులో పోయడం చూస్తే అది అప్పటికే ఆలస్యమైందని అర్థం. సీసం గుళ్లు, గాలపు బరువుల సంగతీ అంతే. లోహం అన్నాక ఎక్స్-రే తీయించాలి, పొట్టలో ఉంటే తీసేయించాలి.

మొక్కజొన్న కండె, పండ్ల టెంకలు తినేవే కదా అనుకుంటారు. కండె అరగదు, సరిగ్గా పేగు కొలతలో ఉంటుంది, ఎక్స్-రేలో సరిగా కనపడదు. ఆపరేషన్‌కి దారితీసే వాటిలో ఇది ముందు వరుసలోనే ఉంటుంది. కబాబ్ పుల్లలు ఇంకో రకం. పొట్ట గోడను చీల్చుకుని కాలేయంలోకో, ఛాతీలోకో ప్రయాణం చేస్తాయి. కర్ర కాబట్టి ఎక్స్-రేలో ఉనికి తెలియదు, అల్ట్రాసౌండ్‌కో సీటీ స్కాన్‌కో వెళ్లాలి. శానిటరీ ప్యాడు, డైపరు, నీళ్లలో నానితే పెరిగే జెల్ గుళ్లు లోపల ఉబ్బుతాయి. పాలీయురేథేన్ జిగురు పొట్టలో తడి తగలగానే నురగై ఉబ్బి రాయిలా గట్టిపడుతుంది. దానికి నీళ్లూ పెట్టొద్దు, కక్కించనూ వద్దు, నేరుగా ఆస్పత్రే.

ఇంకో సంగతి: కుక్క మింగలేదు, గొంతులోనే ఇరుక్కుంది అయితే ఇదంతా పక్కన పెట్టండి. ఊపిరి అందక పాదంతో నోరు గీసుకుంటోంది, నాలుక నీలం పడుతోంది అంటే గడియారం చూసే టైం లేదు. నోరు తెరిచి, కనిపిస్తే తీయండి. కనపడనిదాన్ని వేలితో తడిమితే ఇంకా లోపలికి పోతుంది. పెద్ద కుక్క అయితే వెనక నిలబడి, పక్కటెముకలు ముగిసేచోట పిడికిలి పెట్టి ముందుకీ పైకీ ఐదుసార్లు బలంగా నొక్కండి. నొక్కిన ప్రతి విడతకీ నోట్లో చూడండి. చిన్నదాన్ని వీపు మీ ఛాతీకి ఆనేలా ఎత్తుకుని అక్కడే నొక్కండి, బలం తగ్గించి. బంతి పట్టేసి స్పృహ తప్పితే వెల్లకిలా పడుకోబెట్టి, దవడ కింద గొంతు రెండు పక్కలా బొటనవేళ్లు పెట్టి, బంతి వెనక నుంచి నోటివైపు నెట్టాలి. వచ్చినా రాకపోయినా ఆస్పత్రికి వెళ్లాల్సిందే.

గొంతు దాటి అన్నవాహికలో ఇరుక్కున్నా అదే రోజు తీసేయాల్సిన పని. ముఖ్యంగా గుండె దాటాక, డయాఫ్రమ్‌కి (ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే కండర పొర) ముందు భాగంలో ఎముకలు పట్టేస్తాయి. పదేపదే గుటకలు వేయడం, చొంగ కారడం, మెడ చాపడం, తిన్నది కొద్దిసేపటికే డోకు లేకుండా గొట్టంలా అలాగే బయటికి పడటం గుర్తులు. నిజమైన వాంతికి పొట్ట ఎగిరెగిరి పడుతుంది. ఇక్కడ అది ఉండదు. ఈ తేడా చెబితే డాక్టర్ ఫోన్లోనే సగం ఊహించేస్తారు. వీలైతే వీడియో తీయండి.

ఆస్పత్రిలో మొదట ఎక్స్-రే తీస్తారు. లోహం, రాయి, ఎముక స్పష్టంగా కనిపిస్తాయి. సాక్సు, ప్లాస్టిక్, రబ్బరు కొన్నిసార్లు లీలగా, చాలాసార్లు అసలు కనిపించవు. అప్పుడు వస్తువును కాదు, పేగులో గాలి తీరును చూస్తారు. చిన్నపేగు వెడల్పు నడుములోని ఐదో వెన్నుపూస ఎత్తుకు 1.6 రెట్లు దాటితే అడ్డు ఉందన్న అనుమానం బలపడుతుంది. "ఎక్స్-రేలో ఏమీ లేదన్నారు" అంటే పేగులో ఏమీ లేదని కాదు, ఇది మాత్రం చాలామందికి చెప్పి చెప్పి అలసిపోయిన మాట. అల్ట్రాసౌండ్ కానీ, కొన్ని గంటల తేడాతో మళ్లీ ఎక్స్-రే కానీ అడగండి. రెండింటిలో వస్తువు కదిలిందో లేదో తెలిస్తే సగం నిర్ణయం అయిపోతుంది. ఎక్స్-రేలో తెల్లగా కనిపించే బేరియం పట్టించడం కొన్నిసార్లు ఉపయోగమే, చిల్లు పడిందన్న అనుమానం ఉంటే మాత్రం వాడరు. ఎండోస్కోపీ చేయబోతున్నా వాడరు, చూపు మూసుకుపోతుంది.

కక్కించినా రాకపోతే, పొట్టలోనే ఉంటే ఎండోస్కోపీతో నోట్లోంచి పట్టుకుని లాగుతారు, కోత ఉండదు. పేగులోకి పోయి పట్టేస్తే ఆపరేషనే. తొందరగా చేరితే పేగు మీద చిన్న కోత పెట్టి తీసి కుట్టేస్తారు. ఆలస్యమై పేగు నల్లబడితే ఆ ముక్కను కోసేసి కొసలు కలపాలి. ప్రాణాపాయం ఎంత పెరిగేదీ చాలావరకు ఇక్కడే తేలిపోతుంది.

కొన్నిసార్లు డాక్టరే "చిన్నది, నున్నగా ఉంది, ఇంట్లో చూడండి" అంటారు. అలా అన్నప్పుడు మూడు రోజులు, అంటే 72 గంటలు జాగ్రత్తగా చూడాలి. మామూలు తిండి కొద్దికొద్దిగా ఎక్కువసార్లు పెట్టండి. బయటికి తాడుతోనే తీసుకెళ్లండి, లేకపోతే మలం ఎక్కడ పోసిందో దొరకదు. ప్రతి మలాన్నీ ప్లాస్టిక్ కవర్లో వేసి నీళ్లు పోసి చేత్తో పిసికితే వస్తువు తగులుతుంది. అసహ్యమే, కానీ చిన్న రాయి, పూస లాంటివి చూపుతో దొరకవు. విరేచనం అయ్యే మందు, వాంతి ఆగే మాత్ర ఇంట్లో ఉన్నాయని వేయకండి. మొదటిది అడ్డున్న పేగు మీద బలం పెడుతుంది, రెండోది మనకు తెలియాల్సిన గుర్తును దాచేస్తుంది. విషాన్ని పీల్చుకోవడానికి ఇచ్చే బొగ్గు పొడి గుడ్డకో, ప్లాస్టిక్‌కో ఏమీ చేయలేదు.

ఈలోగా ఈ కిందివి కనిపిస్తే తెల్లారేదాకా ఆగొద్దు: రెండుమూడుసార్లకు మించి వాంతి, నీళ్లు తాగినా నిలవకపోవడం, తిండి ముట్టకపోవడం, పొట్ట గట్టిగా ఉబ్బి తాకనివ్వకపోవడం, ముందరి కాళ్లు నేలకు ఆనించి వెనుక భాగం పైకి లేపి నిలబడటం, మలం రాకుండా ముక్కడం, మలంలో రక్తం. చిగుళ్లని వేలితో నొక్కి వదలండి. తెల్లబడ్డచోట రెండు సెకన్లలోపు గులాబీ రంగు తిరిగి రావాలి. రాకపోతే రక్తప్రసరణ దెబ్బతింది. థర్మామీటర్ ఉంటే, కుక్కకి 38 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్ మామూలు. వీటిలో వాంతి ఒక్కటే కనిపించినా సరే, మింగిన సంగతి తెలిసినప్పుడు దాన్ని అజీర్ణమని సరిపెట్టుకోవద్దు.

ఆపరేషన్ అయినవాళ్ల కోసం: ఇంటికి తెచ్చాక మూడు నుంచి ఐదో రోజు వరకు జాగ్రత్త ఎక్కువ కావాలి. పేగు కుట్లు వదులైతే అప్పుడే లీకవుతుంది. మొదటి రోజు బాగున్న కుక్క నాలుగో రోజు ముడుచుకుపోయి, జ్వరంతో, మళ్లీ కక్కుతుంటే "మందుల వేడి" అనుకోకుండా అదే రోజు తీసుకెళ్లండి. కుట్లు నాక్కోకుండా మెడకు వేసే కోన్ పది నుంచి పద్నాలుగు రోజులు తీయకూడదు.

మీ ల్యాబ్రడార్ ఈసారి కక్కేశాక ఒక అలవాటు మార్చాలి, కుక్కది కాదు, ఇంట్లోవాళ్లది. కుక్క నోట్లో సాక్సు చూడగానే అరుస్తూ వెంటపడితే, పోగొట్టుకోకుండా దాచుకోవడానికి దానికున్న ఒకే ఒక దారి మింగేయడం. చాలా సాక్సులు అలా వెంటపడ్డప్పుడే లోపలికి వెళ్తాయి. వెంటపడకండి. ఫ్రిజ్ తలుపో, ట్రీట్ డబ్బానో చప్పుడు చేసి, రెండుమూడు ముక్కలు నేల మీద విసిరి, అది సాక్సు వదిలి అటు వెళ్లాక మెల్లిగా తీసుకోండి. ఈ మార్పిడి రోజూ ఏదో ఒక బొమ్మతో ఆడి అలవాటు చేస్తే, నిజంగా అవసరమైన రోజు పనిచేస్తుంది. మళ్లీ మళ్లీ మింగే కుక్కకి వాకింగ్‌లో బాస్కెట్ మజిల్ (బుట్టలాంటి మూతి తొడుగు) వేయండి, అందులోంచి నీళ్లు తాగొచ్చు, నోరు తెరిచి ఆయాసపడొచ్చు. నోటిని కట్టేసే గుడ్డ మజిల్ దీనికి పనికిరాదు.

ఇప్పుడు మాత్రం ఇదంతా తర్వాతి సంగతి. ఆ రెండో సాక్సు చేతిలో పట్టుకుని బయల్దేరండి.